బోర్లా పడుకుని పేర్చిన బొమ్మలు

వెన్నుపూసకు క్షయ అని చెప్తే ఇప్పటికీ కొందరు నా దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి జరుగుతారు. జరగనీ. దగ్గుతో వచ్చేది వేరు, నాకు వచ్చింది వేరు అని ఊరందరికీ పాఠం చెప్పే ఓపిక నాకు లేదు. బడిలో పిల్లలకు చెప్పేదే చాలు. నేను బతికాను, నడుస్తున్నాను, ఆళ్లగడ్డలో మూడో తరగతికి మళ్లీ లెక్కలు చెప్తున్నాను. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ జబ్బు వచ్చినవాళ్లకు మందుల గురించి చెప్పేవాళ్లు ఉన్నారు గానీ నెలల తరబడి కదలకుండా ఎలా పడుకోవాలో చెప్పేవాళ్లు లేరు. నాకు ఆ విద్య నేర్పింది కొన్ని అట్టముక్కలు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

డెబ్బై ఎనిమిది ఎండాకాలం, నంద్యాల

నడుము నొప్పి అంతకు ముందు ఏడాది నుంచే ఉంది. నీళ్ల బిందెలు మోస్తే వచ్చిందని మా అత్త, నిలబడి పాఠాలు చెప్తే వచ్చిందని నేను, గాలి పట్టిందని వీధిలోవాళ్లు. ఆముదం కాచి రాశారు. ఇటుక వేడి చేసి కాపడం పెట్టారు. ఒకరోజు నల్లబల్ల మీద కూడిక రాస్తుండగా కాళ్లు నావి కానట్టు అయిపోయాయి. సుద్దముక్క చేతిలో ఉండగానే కూలబడ్డాను. మా ఆయన ఇమ్మానుయేలు అదే బడిలో ఐదో తరగతి పంతులు. పరిగెత్తుకొచ్చి, పిల్లలంతా చూస్తున్నారని కూడా అనుకోకుండా నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. పదిమందిలో నా చెయ్యి తాకడానికే సిగ్గుపడే మనిషి. అప్పుడే నాకు భయం వేసింది.

నంద్యాల ఆసుపత్రి వరండా నిండా జనం. నేను బెంచీ మీద కూర్చోలేను, నిలబడలేను. గోడవార చీర పరిచి పడుకోబెడితే అందరూ నన్ను దాటుకుంటూ పోయేవాళ్లు. ఎవరి కాలు తగులుతుందో అని కళ్లు మూసుకోలేకపోయాను. పక్కన మనవరాలి కోసం వచ్చిన ఒక ముస్లిం అవ్వ తన బట్టల మూట తీసి నా తల కింద పెట్టింది.

"పండుకో బిడ్డా. నీ పేరు పిలిస్తే నేను చెప్తాలే," అంది.

ఆమె పేరు నేను అడగలేదు. సాయంత్రం దాకా నా తలవైపున కూర్చుని, దగ్గరికి వచ్చిన కాళ్లన్నిటినీ చేత్తో పక్కకు నెట్టింది.

డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు వెలుతురుకు పట్టి చూసి, మా ఆయనతో కాదు, నాతోనే మాట్లాడాడు. అది ఆయన మంచితనం. మందులు, సూదులు, నడుముకు పిండికట్టు, మంచం. లేవకూడదు, కూర్చోకూడదు.

"ఎన్నాళ్లు సార్?"

"నేను చెప్పేదాకా."

"మధ్యలో లేస్తే?"

"లేస్తే కాళ్లు పడిపోవచ్చు. పడిపోయినవి తిరిగి వస్తాయని నేను మాటివ్వలేను."

చంకల నుంచి తుంటి దాకా కట్టు వేశారు. వేసేటప్పుడు వెచ్చగా ఉంది, ఆరాక చల్లబడింది, ఆ తర్వాత బరువు తప్ప ఇంకేమీ లేదు. బతికుండగానే గోడలో పెట్టి పూసినట్టు అనిపించింది. గట్టిగా ఊపిరి తీస్తే కట్టు అడ్డం వచ్చేది. మొదటి వారమంతా నేను మర్యాదగా ఏమీ ఉండలేదు. అరిచాను, గంజి గిన్నె విసిరేశాను, మా ఆయనను పొమ్మన్నాను, పోతే ఏడ్చాను.

అక్కడ నర్సు సుగుణమ్మ సిస్టరు నా ఏడుపు రెండు రోజులు చూసి, మూడో రోజు ఒక అట్టపెట్టె తెచ్చి మంచం మీద పెట్టింది. మూత మీద ఒక నది, చెక్క వంతెన, దాని వెనక ఎర్రటి ఆకుల చెట్లు. లోపల అదే బొమ్మ ముక్కలు ముక్కలుగా ఉంది.

"ఏంది సిస్టర్ ఇది? పిల్లలది నాకెందుకు?"

"పిల్లలదైతే ఇన్ని ముక్కలుంటాయా టీచరమ్మా? ఈడ పనిచేసి పోయిన దొరసానిది. అంత పెద్దామె, డ్యూటీ దిగినాక కూచొని పేర్చుకుంటాండె. నేనే చూసినా. దాన్ని జిగ్‌సా అంటారంట."

కట్టు లోపల పుండ్లు పడకుండా పొద్దున, సాయంత్రం నన్ను బోర్లా తిప్పేవాళ్లు. తల మంచం అంచు దాటి బయటికి, చేతులు కిందికి వేలాడుతూ. సిస్టరు ఒక స్టూలు నా ముఖం కిందికి జరిపి, దాని మీద ముక్కలు పోసింది. వాటిని తోసేద్దామనే చెయ్యి చాచాను. చేతికి వంతెన కొయ్య ఉన్న ముక్క తగిలింది. దాని పక్కనే ఇంకో కొయ్య. ఒకదానికి చెవిలాంటి కొన, ఇంకోదానికి గుంట. చెవి గుంటలో పడి రెండూ ఒకటయ్యాయి. ఆ చిన్న పట్టు వేళ్లకు తెలిసింది. ఎంత సుఖంగా ఉందో ఎలా చెప్పాలి? అన్ని రోజుల్లో నా ఇష్టప్రకారం నేను చేసిన పని అదొక్కటే.

తర్వాత మళ్లీ వెల్లకిలా తిప్పారు. అప్పటి నుంచి పైన తిరిగే ఫ్యానును చూస్తూ, ఏ గుంటకు ఏ చెవి అని తలలోనే పేర్చుకుంటూ ఉండేదాన్ని.

వానాకాలం, ఆళ్లగడ్డ

ఇంటికి పంపేటప్పుడు సుగుణమ్మ సిస్టరు పెట్టె నాతోనే ఇచ్చింది. ఇంట్లో నులక మంచం తీసేసి చెక్కబల్లలు వేశారు. వెల్లకిలా ఉంటే మిద్దె కప్పు, దాని నడుమ వెలుతురు కోసం వదిలిన గవాచి. బోర్లా ఉంటే నేల. నా లోకం ఆ రెండే. అహోబిలం పోయే బస్సులు మా వీధి చివర హారను కొట్టేవి. గుడికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, అందరూ ఎక్కడికో పోతూనే ఉన్నారని నాకు వాళ్లందరి మీదా కోపం వచ్చేది. మాది చర్చి కుటుంబం గనక గుడి మీద ఈర్ష్య అనుకునేరు. అదేమీ కాదు, బస్సు మీదే ఈర్ష్య.

పొద్దున బడికి పోయే ముందు మా ఆయన భుజాల దగ్గర, మా అత్త మార్తమ్మ తుంటి దగ్గర పట్టుకుని నన్ను తిప్పేవాళ్లు. సాయంత్రం మళ్లీ. ఆయన బడికి పోయాక అన్నీ ఆమే. ఒంటికీ రెంటికీ తొట్టి పెట్టడం, ఒళ్లు తుడవడం, నడుము ఎత్తి గుడ్డ మార్చడం, మధ్యాహ్నం ఒక్కతే నన్ను మళ్లీ వెల్లకిలా తిప్పడం. చేసేది చేస్తూనే నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"నలుగురికి చదువు చెప్పే మనిషి, అట్టముక్కలతో ఆడుకుంటాంది. ఎవురన్నా చూస్తే నవ్వరా మే?"

"నవ్వనీ అత్తా. నవ్వు చూసి కూడా చానా రోజులాయె."

బడిలో పగిలిన నల్లబల్ల చెక్క ఒకటి మా ఆయన తెచ్చి, ఇటుకల మీద నా ముఖం కింద పెట్టాడు. చేతికి అందనంత దూరం పోయిన ముక్కలను జరిపేందుకు మా అత్తను పిలవాల్సి వచ్చేది. విసుక్కుంటూ వచ్చేది. ఒకరోజు నిలబడి చూసి చూసి, కిందికి కూర్చుంది.

"నడిమధ్యలో ఏం పెనుగులాడతాండావు? ముందు గట్టు ఏసుకోరాదా? గట్టు లేకుండా మడి యాడన్నా ఉంటాదా?"

ఆమెది సేద్యం చేసిన ఇల్లు. ఒక పక్క తిన్నగా ఉన్న ముక్కలన్నీ ఏరి చుట్టూ పేర్చింది. ఇంత చదివిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం నన్ను వెల్లకిలా తిప్పే వేళ దాటిపోయినా మేమిద్దరమూ చూసుకోలేదు. మా ఆయన వచ్చి, అన్నం వండలేదా అని అడిగాడు.

ఎర్రాకుల బొమ్మ పేర్చి చెరిపి, పేర్చి చెరిపి, చివరికి చూడకుండానే వేళ్లకు వచ్చేసింది. కొత్తది కావాలి. నంద్యాలలో కూడా దొరికే వస్తువు కాదు. అప్పుడు పక్కింటి సుబ్బరత్నమ్మ ఉపాయం చెప్పింది. వాళ్లకు చిల్లరంగడి ఉంది. జబ్బుకు భయపడి మా ఇంట్లో మంచినీళ్లు ముట్టనివాళ్ల మధ్య, కాఫీ అడిగి తాగిన మనిషి ఆమె.

"అట్టపెట్టెలు మా అంగట్లో కుప్పలుండాయి. క్యాలెండరు బొమ్మ మైదా బంకతో అంటిచ్చి నేను కత్తిరిచ్చిస్తా. నువ్వు పేర్చుకో టీచరమ్మా."

ఆలోచన బాగానే ఉంది. క్యాలెండరు దగ్గరే వచ్చింది చిక్కు. వాళ్ల అంగడిలో ఉన్నవన్నీ లక్ష్మీనరసింహస్వామి, వెంకటేశ్వరస్వామి. వంకరటింకరగా కత్తిరించాలని కత్తెర తెరిచి, సుబ్బరత్నమ్మ మళ్లీ మూసింది.

"దేవున్ని యాడ కొయ్యాల టీచరమ్మా? చేతులు రాలేదు."

మా ఇంట్లో గోడకున్నది గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు. మా అత్త దాని వైపు చూడను కూడా చూడనివ్వలేదు. రెండు ఇళ్ల దేవుళ్లనూ పక్కన పెడితే ఊళ్లో మిగిలిన బొమ్మ పురుగుమందుల అంగడి వాళ్ల క్యాలెండరులో ట్రాక్టరు. దాంట్లో సగం ఆకాశమే. ఒకే నీలం. దానితో నాకు దసరా సెలవులన్నీ గడిచాయి. తర్వాత బట్టలంగడి వాళ్ల క్యాలెండరు దొరికింది. పట్టుచీర కట్టుకున్న సినిమా తార. దాన్ని కోయడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

డెబ్బై తొమ్మిది జనవరి, క్రిస్మస్ పోయాక

నొప్పి తగ్గిపోయింది. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇదే, అందుకే గట్టిగా చెప్తున్నాను. నొప్పి ఉన్నప్పటి కంటే తగ్గాకే మంచం మీద ఉండడం కష్టం. ఒళ్లు చేసింది, ముఖం నిండింది. వచ్చినవాళ్లంతా "బాగుండావు కదమ్మా, ఇంకా ఏం పండుకోవడం?" అనేవాళ్లు. నాకూ అదే అనిపించేది. లేచి గడప దాకా పోయి వీధి చూసి వస్తే ఏం కొంప మునుగుతుంది? కాళ్ల వేళ్లు ఆడించుకుంటూ, ఆ ఆలోచనతో నేనే నాకు శత్రువునైపోయాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. పిలిపించింది మా అత్తే. జూపాడు బంగ్లా నుంచి యేసమ్మ పెద్దమ్మ వచ్చింది. ఆమె ప్రార్థన చేస్తే మంచాన పడ్డవాళ్లు లేచారని మా వాళ్లలో పేరు. నేను బోర్లా ఉన్న వేళ. పేర్చిన బొమ్మ మీద మా అత్త ముందే దుప్పటి కప్పింది. యేసమ్మ పెద్దమ్మ కూర్చుంటూ దుప్పటి ఎత్తి చూసింది. మెడ దాకా పూర్తయిన సినిమా తార, తల ఇంకా లేదు.

"ఇదేందమ్మా? మంచంలో పండుకొని సినిమావాళ్ల బొమ్మలు పేరుస్తాంటే స్వస్థత యాడ నుంచి వస్తాది?"

నన్ను వెల్లకిలా తిప్పారు. పాటలు పాడారు, చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ పాటలకు నాకు నిజంగానే కళ్లలో నీళ్లు వచ్చాయి. అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది.

"లెయ్యి సలోమీ. విశ్వాసముంటే లెయ్యి."

ఆ క్షణంలో లేవాలని నా ఒళ్లంతా కొట్టుకుంది. అబద్ధం ఎందుకు? ఆమె కోసం కాదు, నా కోసం. లేచేస్తే అయిపోతుంది. డాక్టరు మాట మాత్రం గుర్తుంది. మిద్దె మీద గవాచి వైపు చూస్తూ, "నంద్యాల డాక్టరు చెప్పిందాక లెయ్యను పెద్దమ్మా," అన్నాను.

"డాక్టరు పెద్దా, దేవుడు పెద్దా?"

"దేవుడే పెద్ద. ఆయనకేం తొందర లేదు. తొందరంతా మీకే."

వాళ్లు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. మా అత్త వంటింట్లోకి పోయి రాత్రి దాకా రాలేదు. ఇంత జరుగుతున్నా మా ఆయన గడపలో నిలబడి నోరు మెదపలేదు. ఆ కోపం ఆపుకోలేక అడిగాను.

"ఒక్క మాటన్నా అనలేకపోతివి?"

"నువ్వు లేస్తావేమోనని భయపడి నిలబడినా," అన్నాడు. "పడితే పట్టుకుందామని."

ఆ తర్వాతి రోజులు చెప్పుకోదగినవి కావు. మా అత్త నాతో మాట మానేసింది. నాకూ పంతమే. అయితే చూడండి, ఎంత కోపం వచ్చినా అలిగి అటు తిరిగి పడుకునే వీలు నాకు లేదు. తిరగాలంటే ఆమే వచ్చి తిప్పాలి. వచ్చేది. తిప్పేది. ముక్కల దగ్గర కూర్చోవడం మాత్రం మానేసింది. నేను అందని ముక్క కోసం చెయ్యి చాచితే, గోడ పట్టుకుని నిలబడే, చీపురుపుల్లతో దాన్ని నా వైపు నెట్టేది. అంత కోపమా అనుకున్నాను. నా మనసు కూడా రాయి చేసుకున్నాను.

మళ్లీ ఎండాకాలం, నంద్యాల

అడిగి తెచ్చుకున్న జీపులో వెనక బల్ల వేసి నన్ను పడుకోబెట్టి తీసుకుపోయారు. కట్టు కోశారు. లోపల నుంచి బయటపడిన ఒళ్లు నాది కాదేమో అన్నంత తెల్లగా, మెత్తగా ఉంది. డాక్టరు కొత్త ఫోటోలు చూసి నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడడం అదే మొదలు.

"ఇంక లేవమ్మా," అన్నాడు.

నేను లేవలేదు. ఇన్ని నెలలు ఆ మాట కోసమే బతికి, ఆ మాట వినగానే బల్ల అంచులు రెండు చేతులా పట్టుకున్నాను. కాళ్లు నేలకు ఆనించగానే పడిపోతాయని నాకు నమ్మకం. సిస్టరు చెప్పింది, మా ఆయన చెప్పాడు. "వద్దు, రేపు లేస్తా," అని చిన్నపిల్లలా ఏడ్చాను. అప్పుడు మా అత్త ముందుకు వచ్చింది.

"ఆ పొద్దు అంతమంది లెయ్యమంటే లెయ్యకపోతివి. ఈ పొద్దు లెయ్యమన్నోడు నీ డాక్టరే కదా. లెయ్యి మే. నా భుజం పట్టుకో."

పట్టుకున్నాను. అరికాళ్లకు నేల చల్లగా తగిలింది. మోకాళ్లు వణికాయి, నిలిచాయి. నిలబడ్డాను.

నిలబడ్డాక చూస్తే మా అత్త భుజం నేను అనుకున్న చోట లేదు. పెళ్లయి వచ్చినప్పుడు ఆమె నా కంటే జానెడు పొడుగు. ఇప్పుడు నా చెయ్యి కిందికి దిగిపోయి ఉంది. ఇన్ని నెలలు ఆమెను నేను కింద నుంచే చూశాను, లేదంటే ఆమె పాదాలు చూశాను. పక్కన నిలబడి చూడడం ఇదే మొదలు. ఆమె నడుము ఒక పక్కకు ఒరిగి, వంగిపోయి ఉంది.

డాక్టరు కూడా చూశాడు. "అమ్మా, నీకెన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది?"

"నాదేముందిలే సామీ. ముందు దాన్ని నడిపియ్యి."

ఆమెనూ బలవంతంగా పరీక్ష చేయించాము. బరువులు ఎత్తి ఎత్తి నడుము దెబ్బతిందని, ఇక వంగే పని చేయకూడదని చెప్పారు. జీపు వచ్చేదాకా వరండాలో బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కూర్చోవడం కూడా నాకు కొత్తే. ఆ కూటం సంగతి ఆమే మొదట ఎత్తింది.

"యేసమ్మను ఎందుకు పిలిపిస్తినో తెలుసా నీకు?"

"నేను మంచంలో ఉండేది చూడలేక."

"కాదు. ఇంగ నాకు ఎత్తేకి కాలేదు. పండగ ముందర నుంచే కాలేదు. వానికి చెప్తే బడి ఇడిసిపెట్టి ఇంట్లో కూచుంటాడు. నీకు చెప్తే నన్ను తిప్పొద్దంటావు, లోపల పుండ్లు పడతాయి. ఇంగ ఎవురికి చెప్పుకునేది? దేవునికి చెప్పుకుంటే నువ్వు ఆయనకు తొందర లేదంటివి."

ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఇష్టమో, కృతజ్ఞతో, ఇన్నాళ్లూ మాట్లాడుకోని రోజుల మీద దుఃఖమో, అన్నీ కలిసే వచ్చాయి. ఆమె చెయ్యి విడిపించుకుని, "కండ్లు తుడ్చుకో, జనం చూస్తాండారు," అంది.

ఎనభై మూడు, ఆళ్లగడ్డ

నాకు నడుములో ఇప్పటికీ ఒక చోట పట్టేసినట్టు ఉంటుంది. చలికాలం ఎక్కువ. బస్సు సీటు గతుకులో ఎగిరితే గుండె నోట్లోకి వస్తుంది. ఆ భయం పోతుందని ఎవరికీ చెప్పను, నాకైతే పోలేదు.

ముక్కల బొమ్మలు మానలేదు. మంచం కోసం మొదలుపెట్టిన అలవాటు మంచం దిగాక కూడా వదల్లేదు. మా ఆయన హైదరాబాదు పోయినప్పుడు వెతికి అసలైన పెట్టె ఒకటి తెచ్చాడు. కొండలు, సరస్సు, ఒక పడవ. కింద కూర్చోవడం నాకూ మా అత్తకూ చేతకాదు గనక ఎత్తుబల్ల ఒకటి చేయించాం. బడి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుంటే నాకు ఇంకేమీ అక్కరలేదు. గట్టు ముందుగా పూర్తిచేసేది మా అత్తే. తర్వాత ఆకాశం. "ఆకాశం నాకు ఇడిసిపెట్టు, నువ్వు దాంట్లో సోమరివి," అంటుంది. నిజమే. ముసలామె, పంతులమ్మ కలిసి పిల్లలాట ఆడుతున్నారని వీధిలో అనుకుంటారు. సుబ్బరత్నమ్మ అప్పుడప్పుడు వచ్చి ఒక ముక్క పెట్టి పోతుంది.

పోయిన నెల రుద్రవరం నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి. ఆయన భార్యకు నా జబ్బే. నంద్యాలలో కట్టు వేసి ఇంటికి పంపారట. పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదట. సుగుణమ్మ సిస్టరును అడిగితే, నేను ఎలా గడిపానో కనుక్కోమందట. ఆయన గడపలోనే నిలబడి మాట్లాడుతుంటే లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. నాకు తెలిసినదంతా చెప్పాను. నొప్పి తగ్గాక లేవాలనిపిస్తుంది, లేవనివ్వొద్దు అని చెప్పాను. సరస్సు బొమ్మ పెట్టె చేతిలో పెట్టి, బోర్లా తిప్పినప్పుడు ముఖం కింద బల్ల వేయమన్నాను.

"తిప్పేది ఎవరెవరు?" అని అడిగాను.

"నేను, మా యమ్మ. నేను చేనికి పోతే మా యమ్మ ఒకతే."

మా అత్త లోపలి గదిలో పడుకుని వింటోంది. అక్కడ నుంచే పిలిచింది.

"ముగ్గురు లేకుండా తిప్పొద్దని చెప్పు మే."

చెప్పాను.